పుర్రచేతి అల్లిక

ఆ కబురు మొదట మోసుకొచ్చింది మా చిన్నమ్మ. పటేలు ఇంట్లో వాకిలి ఊడ్చి పేడ తీసే పని ఆమెది. ఆ రోజు పొద్దున చీపురు చేతిలో ఉండగానే ఉరికొచ్చి, మా గుడిసె ముందర కూలబడింది.

"బావా, పటేలు దాపటెద్దుకు కన్ను పోయింది. చెర్నకోల దెబ్బనట. డోంగ్లి మామను గుంజకు కట్టేసిండ్రు. నిన్ను జల్ది రమ్మంటుండ్రు."

దాపటెద్దు అంటే కాడికి ఎడమ దిక్కు కట్టే ఎద్దు. డోంగ్లి మామ పటేలు దగ్గర జీతగాడు. మాకు చుట్టం కాదు. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న డోంగ్లి నుంచి బతకవచ్చినవాడు గనుక వాడకంతా డోంగ్లి మామ.

"నన్నెందుకు?" అన్నాడు నాయిన.

"బండి కింద చెర్నకోల దొరికింది, ఎనిమిది తోలు వార్లది. మామకు నువ్వు అల్లిచ్చింది గదేనని నీ నోటితోని చెప్పియ్యాల్నట. నువ్వు చెప్పంగనే దాంతోనే తోలు ఊడగొట్టి ఊరు దాటిస్తరట. మామ నేను కొట్టలే, బండి తోలింది పటేలు అల్లుడు అంటుండు. నా చెర్నకోల నిన్నటి సంది కనవడ్తలేదంటుండు. ఎవడింటడు బావా?"

డెబ్బైల మొదట్లో సంగతి ఇది. బాన్సువాడ దారుల మీద చెరుకు బండ్లు వరస కట్టి నడిచే కాలం. నాకు పదహారేండ్లుంటాయి. చెర్నకోల అల్లడంలో నాయినకు జుక్కల్ దాకా పేరుండేది. బండ్లవాళ్లు కొసను చెవి దగ్గర ఆడించి, "నీ అల్లికనేనా?" అని ఒక్కమాట అడిగి తీసుకుపోయేవాళ్లు. నాయిన "నా అల్లికనే" అనేవాడు. రెండేండ్లుగా ఆ మాట అబద్ధం.

రెండేండ్ల కింద చెరుకు బండి ఒరిగి నాయిన కుడిచెయ్యి చక్రం కింద పడింది. ఆ రోజు భుజం పెట్టి బండి లేపి, నాయినను వీపు మీద దవాఖానకు మోసుకుపోయింది డోంగ్లి మామే. చెయ్యి మిగిలింది గానీ వేళ్లు మడత పడవు. తోలు వారు పట్టి గుంజే బలం లేదు. అందుకని నన్ను ముందర కూర్చోబెట్టుకున్నాడు.

నేను బడికి పోలేదు. అమ్మే పలక మీద దిద్దించి, వాక్యం చదవడం నేర్పింది. నాది పుర్రచెయ్యి. ఎడమ చేత్తో బలపం పడితే అమ్మ వేళ్ల మీద కొట్టేది, అట్లా రాత కుడిచేతికి మారింది. తోలు దగ్గర మాత్రం నాయిన కొట్టలేదు. "తోలుకు ఏ చెయ్యి అయితేంది బిడ్డా, పట్టు సమంగ ఉండాలె" అన్నాడు.

తోలు ముక్కను గుండ్రంగా, అంచు నుంచి నడిమికి కోసుకుంటూ పోతే ఒకటే పొడుగు వారు వస్తుంది. దాన్ని గుంజకు కట్టి సాగదీయాలి. రెండంచులూ రంపె కత్తితో పలచగా చెక్కాలి, లేకుంటే అల్లిక గరుకుతేలి పశువు చర్మం కోసుకుపోతుంది. రాత్రి నానేసి, పొద్దున తడి గోనెలో చుట్టాలి. తీసి చెంపకు ఆనిస్తే చల్లగుండాలి, చెంప తడి కావద్దు. తడి ఎక్కువుంటే అల్లినప్పుడు బిగువుగానే ఉంటుంది, ఆరినాక వార్లు సన్నబడి సందులు పడతాయి. నాలుగు వార్లది ఎవరైనా అల్లుతారు. ఎనిమిది వార్లకు పక్కకు నాలుగు పట్టి, చివరిది వెనుక నుంచి తిప్పి, రెండింటి కింద, రెండింటి మీద వెయ్యాలి. నాయిన కుడి నుంచి మొదలుపెట్టేవాడు, పిడికట్టె మెడ దగ్గర బిగించే కట్టు కుడికి తిరిగేది. నాది అద్దంలో చూసినట్టు ఎడమకు తిరిగేది.

ఎవరూ అంత దగ్గరగా చూడరు. ఎడమచెయ్యి అంటే అందరికీ అరిష్టం, అందులో ఆడపిల్ల చెయ్యి. అందుకే లోపల కూర్చుని అల్లేదాన్ని, నాయిన బయట కూర్చుని అమ్మేవాడు.

పటేలు ఇంటికి నాయిన వెంట నేనూ పోయాను. చెప్పులు గేటు బయటే విడిచాం. కూలివాళ్లు, బండ్లవాళ్లు పని ఆపి నిలబడి ఉన్నారు. మామ రెండు చేతులూ వెనక్కి విరిచి గుంజకు కట్టి ఉన్నాయి. భయానికి ఆయన తెలుగు ఎటో పోయింది. "మీ నాహీ మారలా, నేను కొట్టలే" అని మరాఠీ, తెలుగు కలిపి అదే మాట అంటున్నాడు. అరుగు మీద పటేలు, ఆ పక్కన కుర్చీలో హైదరాబాదు నుంచి వచ్చిన అల్లుడు. అల్లుడు చెరుకు గడ నములుతున్నాడు.

పటేలు చెర్నకోలను నాయిన కాళ్ల ముందర పడేశాడు.

"చూడు. ఎవని చేతిదిరా ఇది?"

నాయిన వంగి తీసుకున్నాడు. అల్లిక మీద చెయ్యి ఆపలేదు, నేరుగా మెడ దగ్గరికి పోయాడు. ఆయన భుజం వెనుక నుంచి నేనూ చూశాను. కట్టు ఎడమకు తిరిగి ఉంది.

మామకు నాయిన అల్లిచ్చింది చెయ్యి నలగకముందు. ఇది నాది. ఎనిమిది వార్లది నేను అల్లింది అప్పటికి ఒక్కటే, మిగతావన్నీ నాలుగు వార్లవి. నెల కింద ఈ అల్లుడే మోటరుసైకిలు మీద మా గుడిసె ముందర ఆగి, "పట్నంల చూపెడ్త" అని తీసుకుపోయాడు. చూసినవాళ్లు మా ఇంట్లోవాళ్లమే.

"ఏంరా, నోట్ల నాలిక లేదా?"

"ఇది నా చేతిది కాదు పటేలా," అన్నాడు నాయిన.

పక్కనున్న కావలివాడు నవ్వాడు. "బాన్సువాడల నువ్వు గాక ఎనిమిది వార్లోడు ఇంకెవడున్నడే? నిద్రల అల్లినవా?"

"నా బిడ్డది."

బండ్లవాళ్లలోంచి ఒకాయన, "ఆడిపిల్ల చెర్నకోల అల్లేదేంది? జడ అనుకున్నదా?" అన్నాడు. నవ్వులు. నాయిన తల ఎత్తలేదు. "రెండేండ్ల సంది అన్ని ఆమె అల్లినయే. నా కట్టు కుడికి తిరుగుతది. ఆమెది పుర్రచెయ్యి, ఎడమకు తిరుగుతది. మామకు నేనిచ్చింది ఇది కాదు."

నవ్వులు ఆగిపోయాయి. జడ అన్న ఆయనే నేల మీద ఉమ్మాడు. "థూ! గిన్ని దినాలు మా ఎద్దుల మీద ఎడమచెయ్యి తిప్పినమా?"

పటేలు నావైపు చూశాడు. "గట్లయితే నా ముందట అల్లి చూపియ్యుమను. అబద్ధమైతే ముగ్గురినీ కడ్త."

నానిన వార్లు ఇంట్లో గోనెలో ఉన్నాయి. చిన్నమ్మ ఉరికి తెచ్చింది. వాకిట్లో ఎండ పడుతోంది. వారు చెంపకు ఆనించుకున్నాను, చల్లదనం పోతోంది. నీళ్లు చల్లుకుందామని చెంబు వైపు చూస్తే నాయిన వద్దని తల ఊపాడు. "అరిచెయ్యి తడితోనే నడువు. తొందరపడకు." కొసలు తన కాలి బొటనవేలికి కట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.

పక్కకు నాలుగు. ఎడమ చివరిది వెనుక నుంచి తీశాను. రెండు కింద, రెండు మీద. మూడు వరసలకే చేతులు చెమట పట్టి వారు జారింది. ఎవరో "రాదు దానికి" అన్నారు. యేసయ్యా అనుకుని, వరస విప్పి మళ్లీ బిగించాను. మామ పటేలును చూడడం మానేసి నా వేళ్లను చూస్తున్నాడు. జానెడు అల్లాను. మెడ కట్టు వేసి, పళ్లతో కొస పట్టి గుంజాను.

పటేలు అరుగు దిగి వచ్చాడు. రెండూ పక్కపక్కన పట్టుకుని, కట్ల మీద బొటనవేలు తిప్పి చూశాడు. ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు.

"ఎనిమిది వార్లయి ఎన్ని అల్లినవే?"

"ఒక్కటే పటేలా."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

"ఎవరికి..." అన్నాడు, అని ఆగాడు. అరుగు మీద చెరుకు నమిలే చప్పుడు లేదు. నేను నోరు తెరిచాను. పటేలు చెయ్యి అడ్డం పెట్టాడు. "సాలు."

ఆ మాట నా నోటితో చెప్పించనందుకు దేవునికి ఇప్పటికీ స్తోత్రం చెప్పుకుంటాను. అడిగితే చెప్పేదాన్నో లేదో నాకు తెలియదు.

"విప్పుండ్రి వాన్ని."

తప్పయిందని ఎవరూ అనలేదు. మామ దండం పెట్టబోయాడు, మణికట్లు వాచి రెండు చేతులూ దగ్గరికి రాలేదు. అట్లాగే గేటు దాటి పోయాడు. వారం తిరగకముందే పెండ్లాంతో డోంగ్లికి తిరిగి పోయాడని విన్నాం. ఒంటి మీద దెబ్బ పడకుండా పోయాడు, అదే చాలు.

నాయిన దగ్గరికి మాత్రం బండ్లవాళ్లు రావడం మానేశారు. మద్నూర్ అంగడిలో కొనుక్కున్నారు. ఒకరిద్దరు మా ముందర నుంచే బండి తోలుకుపోతూ కొత్త చెర్నకోల గాలిలో ఛెళ్లుమనిపించేవాళ్లు. నాయిన వినబడనట్టు తోలు సాగదీసేవాడు. తర్వాత నేను నీటి మోటలకు తోలు తిత్తులు కుట్టాను, చెప్పులు కుట్టాను, ఇల్లు నడిచింది. ఎనభైలు వచ్చేసరికి ట్రాక్టర్లు వచ్చాయి, చెర్నకోలలు అడిగేవాళ్లే లేకపోయారు. ఆ రోజు గురించి నాయిన ఒక్కసారే మాట్లాడాడు.

"నా అల్లికనే అని ఇంకోసారి అంటె సరిపోతుండె బిడ్డా. రెండేండ్లు అననే అన్న. నోటికి అలవాటు గూడ అయింది. ఆ పొద్దు మాత్రం రాలేదు."

ఆయనకు భూమి లేదు, చదువు లేదు. ఉన్నది అల్లిక పేరొక్కటే. దాన్ని ఇంకొకని వీపు కోసం నలుగురిలో కింద పెట్టి వచ్చాడు. ఇది చదివినవాళ్లు ఏ దేవుని ముందర కూర్చున్నా సరే, మీ వాళ్ల పేర్లన్నీ చెప్పుకున్నాక, మా నాయిన కోసం ఒక్క మాట అనండి. పేరు తెలియదని ఆగకండి. డోంగ్లి మామను విడిపించినాయన అంటే చాలు.