నాయన ఒక్క వేలితో తెరిచిన ఆట

మా చిన్నప్పుడు, ఒక ఎండాకాలం, అమ్మ నా రెండు చేతులకూ నాయన పాత బనియన్ గుడ్డలు చుట్టి మణికట్టు దగ్గర గట్టిగా ముడేసింది... గోక్కోకుండా. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఒళ్ళంతా అమ్మవారు పోసింది. చిత్తూరులో మా ఇంటి గుమ్మానికి వేపమండలు, వంటింట్లో తాలింపు బంద్, వీధి గదిలో నాకు వేపాకు పక్క.

ఆ ముడులు నేను పళ్ళతో విప్పేసేదాన్ని. అమ్మ మళ్ళీ కట్టేది... నేను మళ్ళీ విప్పేదాన్ని. పొక్కులు గోకితే మొహం మీద జన్మంతా మచ్చలుంటాయని మా అవ్వ దిగులు. "గోక్కోబాకమ్మా, నా బంగారు కదా" అంటూ వేపరెమ్మతో మెల్లగా నిమిరేది. అవ్వ చెయ్యి ఆగిందంటే నా చెయ్యి మొదలు.

నాయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో గుమాస్తా. ఆ ఏడు ఆఫీసుకి కొత్త కంప్యూటర్లు వచ్చాయి. మూలన పడేసిన పాతదాన్ని అడిగి ఇంటికి తెచ్చాడు. బస్సులో టీవీలాంటి భాగం ఆయన ఒళ్ళో, మిగతా డబ్బా డ్రైవరు పక్కన. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు... రంగుల్లేవు, మౌస్ లేదు.

"దీంట్లో ఒక ఆట పెట్టిస్తే పాప చేతులకి పనుంటాది. ఇంక మొగం జోలికి పోదు" అన్నాడు అమ్మతో. డాక్టరు రాయని మందు అది, నాయన సొంతంగా కనిపెట్టుకున్నాడు.

ఆట ఉన్నది టైపు అయివారి దగ్గర. మా వీధి చివర టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే పెద్దాయన. పిల్లలకి వేళ్ళు అలవాటు కావాలని ఒక ఆట పెట్టుకున్నాడు... తెర పైనుంచి అక్షరాలు రాలుతుంటాయి, కింద పడేలోపు మనం ఆ అక్షరం నొక్కాలి. ఇన్‌స్టిట్యూట్‌లోకి రంగుల కంప్యూటర్లు వచ్చాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అప్పడమంత ఫ్లాపీని దుమ్ము తుడిచి ఇచ్చాడాయన.

నాయన దాన్ని దూర్చాడు. కంప్యూటర్ కాసేపు కర్రుకర్రుమని, మెమరీ చాలదని ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది.

అయివారిని పిలుద్దామంటే, అమ్మవారున్న ఇంట్లోకి పరాయివాళ్ళు రాకూడదాయె. పైగా ఆయనకు చిన్నప్పుడు అమ్మవారు పోయలేదట... ఆయన భయం ఆయనది. అందుకని సాయంత్రం గొడుగేసుకుని వచ్చి, వీధిలోనే మా కిటికీకి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. లోపల కంప్యూటర్ ముందు నాయన. మంచం మీద నేను.

ముప్పై ఏళ్ళు టైపు నేర్పిన మనిషి. అక్షరం చెప్పడు, వేలు చెబుతాడు.

"ఎడమ చేతి నడిమి వేలు. కుడి చేతి నడిమి వేలు, పై వరస. ఎడమ చూపుడు వేలు, పై వరస."

నాయనకు తెలిసింది ఒకే ఒక్క వేలు. అది కూడా అక్షరాన్ని వెతుక్కుంటూ వెళ్ళేది.

"అయివారూ, వేలొద్దు సామీ... అక్షరం చెప్పండి."

"అక్షరం నాకు యాడ గుర్తుంటాదప్పా. నా వేళ్ళకే తెలుసు."

ఆయన గొడుగును చంకలో ఇరికించుకుని, గాల్లో పది వేళ్ళూ ఆడించి చూసుకుని, అప్పుడు "డీ... ఐ... ఆర్" అనేవాడు. కొళాయి దగ్గర బిందెలు పెట్టుకున్నవాళ్ళు పాపం ఎండదెబ్బ తగిలిందేమో అనుకున్నారు. ఆ రోజు అంతటితో సరి.

రెండో సాయంత్రం అయివారు ఉపాయం పట్టుకొచ్చాడు. "మిషను లేస్తానే ఏమేమి పనులు చేసుకోవాలో ఒక పట్టీ ఉంటాది. అది సదువు. పనికిరానివి తీసేస్తే ఆటకి జాగా దొరుకుతాది."

నాయన ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. "ఇదేదో డబ్బాల మీద లేబుళ్ళు అచ్చేసేది మాదిరుండాది."

"పాపకి లేబులు అంటిస్తావా ఏమి? తీసెయ్."

అలా నాలుగైదు తీసేసరికి చీకటి పడింది.

మూడో సాయంత్రం మళ్ళీ ఫ్లాపీ దూర్చారు. ఈసారి ఊరుకోలేదు... కర్రుకర్రుమంటూనే ఉంది. ఆట ఆడాలి కదా అని అమ్మ నా చేతుల ముడులు విప్పింది. అవ్వ కంప్యూటర్ నెత్తిన కూడా ఒక వేపరెమ్మ పెట్టి దండం పెట్టుకుంది. మూడు నాలుగు నిమిషాలు అందరి కళ్ళూ తెర మీదే. నావి కూడా... నా చెయ్యి ఎప్పుడు పైకి వెళ్ళిందో నాకే తెలియదు. ముక్కు పక్కనున్న పెద్ద పొక్కు గీకేశాను.

అమ్మ "అయ్యో" అనేలోపు తెర మీద అక్షరాలు రాలడం మొదలైంది.

"వచ్చినాదా?" కిటికీ అవతల నుంచి అయివారు.

"వచ్చినాది సామీ" అన్నాడు నాయన. అంటూనే తెర వదిలేసి నా మొహం మీదికి వంగాడు. ఆ మూడు సాయంత్రాల తిప్పలూ ఆట కోసం కాదు, నా కోసం అని ఇప్పుడు తెలుస్తోంది.

"పాపని వేళ్ళు సరిగా పెట్టమను."

ఆ తర్వాత వారం రోజులూ నా చేతులు కీబోర్డు మీదే. అయివారు రోజూ సాయంత్రం గొడుగుతో వచ్చి, కిటికీలోంచి ఒక్కో వరస నేర్పేవాడు. కాళ్ళు గోక్కోలేదంటే అబద్ధం... మొహం జోలికి మాత్రం పోలేదు. వేపాకు నీళ్ళు పోసి తలంటే రోజుకి పది వేళ్ళతో టైపు చేస్తున్నాను. ఇవాళ నేను అన్నం తినేది ఆ పది వేళ్ళ మీదే. నాయన మాత్రం ఫోనులో ఇప్పటికీ ఒక్క వేలితోనే మెసేజి పెడతాడు.

మొహం మీద ఒకే ఒక్క మచ్చ మిగిలింది... ఆట తెరుచుకునేలోపు పడినది. మొన్న మా పాప దాని మీద వేలు పెట్టి ఇదేంటమ్మా అని అడిగింది. చెబుదామని మొదలుపెట్టేసరికి దాని ఫోనులో ఆట వచ్చేసింది, అటు తిరిగిపోయింది. ఇప్పటి ఆటలకి కన్ను మూసి తెరిచేంత సేపు కూడా పట్టదు, గోక్కోవడానికి టైమే ఉండదు. మా కాలంలో ఒక్క ఆట తెరుచుకోవాలంటే ఇంటిల్లిపాదీ, వీధిలో ఒక గొడుగూ మూడు సాయంత్రాలు నిలబడాల్సి వచ్చేది... అంతమంది నా కోసం నిలబడిన ఆ మూడు నిమిషాలు మళ్ళీ వస్తాయంటే, ఇంకో మచ్చ పడినా నాకు ఇష్టమే.

మీకూ మోకాలి మీదో మోచేతి మీదో ఒక మచ్చ ఉండే ఉంటుంది. అది పడినప్పుడు మీ పక్కన ఎవరున్నారు?