రెండు జీబీల గట్టు

మా చెల్లెలు పోయి చాలా ఏళ్లయింది. దాని గొంతు మాత్రం ఒక పాత హార్డ్ డిస్కులో ఇంకా ఉందని అమ్మ నమ్మకం. మొన్న ఆ డిస్కును బీరువాలోంచి తీసి, తువ్వాలులో చుట్టి, మళ్లీ నా చేతిలో పెట్టింది. "యాడికైనా తీసుకపో నాయనా. ఎట్లయినా తీపియ్యి," అంది.

మాది కురుగోడు. నాన్నది కాలువ కింద సేద్యం. మిరప బాగా పండిన ఏడు బళ్లారిలో ఒక పాత కంప్యూటర్ కొన్నాడు. అంగడాయన ఇంటికొచ్చి దాన్ని బిగించి, డిస్కును మూడు భాగాలు చేశాడు. నాన్నకు నచ్చలేదు.

"ఒగటే మడిగా పెట్టప్పా, ఈ ముక్కలేంది?"

"కాదప్పా. దీంట్లో ఉండేది పాత విండోస్. రెండు జీబీలు దాటితే ఒక భాగంగా తీసుకోదు."

సరే, యంత్రం మాట యంత్రానిది. నాన్న వెంటనే పంపకాలు చేసేశాడు. మొదటి మడి యంత్రానికి, రెండోది నాకు, మూడోది అమ్మకు. ఒకరి మడిలో ఒకరు కాలు పెట్టకూడదు. నా మడి నిండా ఆటలు. అమ్మ మడి నిండా పాటలు. మిషనరీ దొరల కాలం నుంచి మా చర్చిలో పాడే పాటలను చిన్న మైకు ముందు కూర్చుని తనే పాడి దాచుకునేది. చెల్లెలికి మడి ఇవ్వలేదు, చిన్నపిల్ల కదా అని. అందుకే క్రిస్మస్‌కు చర్చిలో అప్పజెప్పాల్సిన బైబిలు వాక్యాన్ని అది అమ్మ మడిలోనే చెప్పింది.

క్రిస్మస్ దాకా అది ఉండలేదు. జ్వరం వచ్చింది, బళ్లారికి తీసుకుపోయాం, దక్కలేదు. అంతకు మించి రాయడం నా వల్ల కాదు.

ఆ తర్వాత అమ్మ రోజూ సాయంత్రం ఆ గొంతు పెట్టుకుని వినేది. నాన్న వాకిట్లో కూర్చుని వినేవాడు. లోపలికి మాత్రం వచ్చేవాడు కాదు.

కొన్ని నెలలకు తెక్కలకోట నుంచి మా పిన్నివాళ్ల ఇంటి పెళ్లి సీడీలు వచ్చాయి, చెల్లెలు ఉండగా జరిగిన పెళ్లి. అందులో చెల్లెలు ఉంది, గంతులేస్తూ. మాట వినపడదు, దానిమీద సినిమా పాట వేసేశారు. అయినా కదులుతోంది, నవ్వుతోంది! సీడీలు మర్నాడే తిరిగి ఇచ్చెయ్యాలి. డిస్కులోకి ఎక్కిద్దామంటే చోటు లేదు. నా మడిలో కొంత ఖాళీ, అమ్మ మడిలో కొంత ఖాళీ. కలిస్తే చాలు, విడిగా ఏదీ చాలదు.

అంతకు కొద్ది రోజుల ముందే అంగడాయన కొత్త విండోస్ వేసిపోయాడు. ఇక రెండు జీబీల అడ్డు లేదని కూడా చెప్పాడు. ఆయన పనంతా నాన్న పక్కనుండి చూశాడు. మా నాన్న ఏదైనా చూసి నేర్చుకునే మనిషి. నేను బడిలో ఉన్నాను, అమ్మ చర్చిలో కూటానికి పోయింది. నాన్న అంగడాయన వదిలిపోయిన ఫ్లాపీ పెట్టి రెండు మడుల మధ్య గట్టు తీసేశాడు. ఉన్నదంతా చెరిగిపోతుందని హెచ్చరిక వచ్చే ఉంటుంది, ఇంగ్లీషులో. ఆయనకు వచ్చింది తెలుగూ కన్నడమూ. అడిగిన చోటల్లా 'వై' నొక్కాడు. పైరు నిలబడి ఉండగా గట్టు తీసినా మడి పెద్దదవుతుందే గాని మొక్క చావదు. ఆయన పుట్టినప్పటినుంచి చూసింది అదే.

నేను ఇంటికి వచ్చేసరికి చెల్లెలు తెరమీద ఆడుతోంది. నాన్న ముఖం వెలిగిపోతోంది. "చూడప్పా, రెండు సీడీలూ పట్టె! గట్టు తీసేస్తి."

"అమ్మవి యాడ నాయనా?"

"యాడికి పోతాయి? ఈడనే ఉంటాయి, ఎతుకు."

వెతికాను. అమ్మ వచ్చేదాకా వెతుకుతూనే ఉన్నాను. ఆమె నాన్నను ఒక్క మాట అనలేదు. దుమ్మెత్తిపోసి ఉంటే ఆయన బతికిపోయేవాడు.

ఇన్నేళ్లలో ఆ డిస్కు పట్టుకుని మేము తొక్కని గడప లేదు. మొన్న అమ్మ మళ్లీ తీసిచ్చాక, ఈసారి ముగ్గురమూ బళ్లారికి పోయాం. అక్కడ పోయిన ఫైళ్లు తీసే అంగడి ఒకటి కొత్తగా పెట్టారు. ఇప్పుడు నా ఫోనులోని గోరంత కార్డులో అలాంటి డిస్కులు ఎన్నో పడతాయి. తలచుకుంటే ఒళ్లు మండుతుంది. ఈ చోటంతా ఆ రోజు ఎక్కడ చచ్చింది?

అంగడతను డిస్కును తిప్పి తిప్పి చూశాడు. "చెరిపేసినా అడుగున ఉంటాదప్పా. దానిమీద ఇంగోటి రాసింటేనే కష్టం."

దానిమీద ఏం రాశామో మా ముగ్గురికీ తెలుసు. బిడ్డ గొంతుమీద బిడ్డ బొమ్మనే ఎక్కించాం. నాన్న లేచి బయటికి పోయి మెట్లమీద కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి ఒక ముక్క దొరికింది. స్పీకరులో ముందు గరగర, తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు. ఆ వెనకే అమ్మ గొంతు, వయసులో ఉన్నప్పటిది: "చెప్పు పాపా, సిగ్గు పడాకు. చెప్పు." ఎవరో చిన్నగా ఊపిరి పీల్చారు. అంతే, ఆగిపోయింది.

"ఇంతే అప్పా దొరికింది," అన్నాడు అంగడతను.

అమ్మ స్పీకరు దగ్గరికి జరిగింది. "ఇంగొకసారి పెట్టప్పా." పెట్టాడు. అదే మాట, అదే ఊపిరి. "ఇంగొకసారి."

నాన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నేనే అన్నాను: "అమ్మా, అంతే ఉండాది. ఆపైన ఏమీ లేదు."

అమ్మ నావైపు తిరగను కూడా లేదు.

"దానికి సిగ్గు నాయనా. రెండు మూడు సార్లు అడిగితేగాని నోరు తెరవదు. మళ్లా పెట్టమను."