ఢిల్లీ సారు తులాభారం

మా బాపు గల్లా ముందు కూర్చోవడం మానేసింది ఎందుకో మా వర్తకుల బజారు గంజ్‌లో అందరికీ తెలుసు. ఆ ముందు రోజు ఆయన నెత్తిన సగం బస్తా చక్కెర ఎత్తించి, మిట్టమధ్యాహ్నం మా దుకాణం నుంచి పోలీసు ఠాణా దాకా నడిపించాడు ఢిల్లీ సారు.

ఢిల్లీ సారు అంటే కేంద్ర ప్రభుత్వం పంపిన ఆఫీసరు. దొంగ సరుకు పట్టడం ఆయన ఉద్యోగం. మనిషిది కోస్తా జిల్లానే అయినా నిజామాబాద్‌కు మాత్రం ఢిల్లీ సారే. చక్కెర కార్డు మీద ఇచ్చే రోజులవి. మహారాష్ట్ర వైపు పోయే లారీలో ఏముందో టైర్లు చూసి చెప్పేవాడట, పసుపు కుప్పలో దాచిన బంగారాన్ని వాసన పట్టి తీశాడట. సగం నిజం, మిగతాది మా బజారు వేసిన కొసరు. ఏ దాడికి పోయినా వెంట ఫొటోగ్రాఫరు ఉండాల్సిందే.

ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆ చక్కెర మాదే. పసుపు బస్తాల వెనక దాచింది నేనే. అంత తెలివిగా దాచాననుకుంటే, సారు అడుగుపెట్టగానే నేరుగా అక్కడికే పోయాడు. పట్టుకోవడం ఆయన పని, కేసు రాసి తీసుకుపోతే నాకు కోపం వచ్చేది కాదు. కానీ అరవై ఏళ్ల మనిషిని ఆ బరువుతో, ఫొటో సరిగా రాలేదని రెండుసార్లు ఎండలో నిలబెట్టాడు.

ఆ తర్వాత బాపు వెనక గదిలోనే కూర్చునేవాడు. ఎవరైనా పలకరిస్తే "నా కొడుకున్నడు, అడుగుండ్రి" అనేవాడు. ఆయనను మళ్లీ ముందుకు తేవాలి, ఆ సారును కింద పడేయాలి. నాకు ఈ రెండూ ఒకటే పనిగా కనిపించాయి.

ఏడాది తిరిగేసరికి సారుకు మెడల్ వచ్చింది. సన్మానం చేస్తామని వర్తకులం పోయాం. మాట్లాడడానికి నన్ను ముందుకు తోశారు. కొత్తిమీర కట్టకు కూడా గంట సేపు బేరమాడేవాడినని నాకు పేరు.

"బెల్లంతోని తులాభారం తూస్తం సార్."

"బెల్లమా? బోధన్ ఫ్యాక్టరీ చక్కెర ఇంత దగ్గర పెట్టుకుని?" సారు మొహం ముడిచాడు.

"శక్కర మా దగ్గరెక్కడిది సార్? మొత్తం మీ గోదాంలనే పాయె."

ఆయనకది పొగడ్తలా వినిపించింది. కాసేపు గడ్డం నిమురుకుని, "పట్టిన సరుకు తెప్పిస్తాను. తూకం కాగానే గోదాంకు తిరిగిపోవాలి, తెలిసిందా?" అన్నాడు.

"మీరెట్ల చెప్తే గట్లనే సార్."

పట్టిన సరుకు కోర్టు తేల్చేదాకా కదలకూడదని ఆయనకు తెలుసు. తులాభారం తూచినది అక్కడే పంచిపెట్టాలని, తిరిగి ఇల్లు చేరకూడదని మాకు తెలుసు. ఆయన మాకు చెప్పలేదు, మేమూ చెప్పలేదు. కంఠేశ్వర్‌లో బీడీలు చుట్టే అవ్వలకు మాత్రం ముందురోజే కబురు పెట్టాను. ఫొటోగ్రాఫరును బస్తాల మీది సర్కారు సీళ్లు కనిపించే పక్కన నిలబెట్టాను.

సారు పెద్ద కాంటాలో ఒక పక్క మెడల్‌తో కూర్చున్నాడు, రెండో పక్క చక్కెర. ముల్లు నిలవగానే చప్పట్లు. గోదాం జవాను బస్తా మీద చేయి వేయబోతే ముందు వరసలో ఒక అవ్వ లేచింది.

"ఆగు బిడ్డా! తూసిన శక్కర మళ్ల తీస్కపోతరా? గింత పెద్ద సారుకు గదేం బుద్ధి?"

జనం గొల్లుమన్నారు. సారు నా వైపు చూశాడు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను. అంతమంది ముందు ఆయన కాదనలేకపోయాడు. కొంగుల్లో, టోపీల్లో, రుమాళ్లలో చక్కెర ఊరంతా పోయింది.

ఫొటో పత్రికలో పడింది. ఎవరో దాన్ని కత్తిరించి పైఆఫీసుకు పంపారు. తపాలా బిళ్ల అంటించింది నేనే. తనిఖీ జరిగింది, సారును సస్పెండ్ చేశారు. మా చక్కెరా అందులోనే పోయి, సాక్ష్యంగా సరుకు లేనందున బాపు మీది కేసు కూడా పోయింది. అయినా బాపు వెనక గది వదల్లేదు.

ఒకరోజు సారే మా దుకాణానికి వచ్చాడు, జవాను లేడు, జీపు లేదు.

"వారంలో విచారణ. తూచిన చక్కెర గోదాంది కాదు, నీ దగ్గర కొన్నదని పాత తేదీతో బిల్లు రాసివ్వు. ఏం కావాలో అడుగు."

అంత మంచి గిరాకీ నాకు మళ్లీ తగల్లేదు.

"సగం బస్తా ఉప్పుంది సార్. ఠాణా దాకా మోస్కపోయి మోస్కరాండ్రి. రాసిస్త."

సారు చొక్కా చేతులు పైకి మడిచాడు. వెనక గది తలుపు చప్పుడైంది. బాపు వచ్చి గల్లా ముందు కూర్చున్నాడు.

"సాయం పట్టురా. ఒక్కడు నెత్తికెత్తుకోలేడు."

ఎత్తాను. గంజ్ మొత్తం తూకాలు ఆపి చూసింది. ఫొటోగ్రాఫరు లేడన్నదొక్కటే నాకు వెలితి. సారు చెమటతో తిరిగొచ్చి బస్తా దించాడు. నేను కలం తీశాను. బాపు నా చేయి పట్టుకున్నాడు.

"దొంగ బిల్లులు మేం రాయం సార్."

"నీ కొడుకు మాటిచ్చాడయ్యా!"

"వాడిచ్చిండు. దుకాణం నాది."

బేరం కుదిరాక మాట తప్పినవాడికి గంజ్‌లో విలువుండదు. కొన్నాళ్లు దళారులు బేరానికి నాతో చేయి కలపకుండా, "ముందుగాల మీ బాపును అడుగు పో" అని వెక్కిరించేవాళ్లు. అడగడానికి నేను వెనక గది వైపు తిరగాల్సిన పని ఉండేది కాదు. బాపు నా ముందే, గల్లా దగ్గర ఉండేవాడు.