రస్ట్ లేని మెషీన్

మా ఆఫీసులో ఆవిడని అందరూ బిల్డక్క అంటారు. రెండు వందలమంది రాసిన కోడునంతా కూర్చి ఒక్క ప్రోగ్రాముగా తయారుచేసే, అంటే బిల్డ్ చేసే, స్క్రిప్టులు ఇరవై రెండేళ్లుగా ఆవిడ చేతిలోనే ఉన్నాయి. స్క్రిప్టు ఆగితే అందరం ఆవిడ కుర్చీ చుట్టూ మూగుతాం. నడిచినంతకాలం ఆవిడ ఉన్న సంగతే మరిచిపోతాం. అది మా కృతఘ్నత, దాచడమెందుకు?

మూడేళ్ల కిందట కుర్రకారు కొన్ని భాగాలు రస్ట్ అనే కొత్త ప్రోగ్రామింగ్ భాషలో రాస్తామని పట్టుబట్టారు.

"రాసుకోండి. రస్ట్ ఉన్నవాడికి అవి కలవాలి, లేనివాడికి పాతవే పనిచెయ్యాలి. స్క్రిప్టులో దానికో స్విచ్ పెడతా" అంది బిల్డక్క.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఈసారి ఆ పట్టుకు కారణం వాళ్లన్నయ్య. రేవు ఆఫీసులో అలల ఎత్తు లెక్కగట్టే పాత మెషీన్ని ఆయనే చూసుకునేవాడు. దాని మీద నడిచేది మా ప్రోగ్రామే, ప్రతి విడుదలనీ మా స్క్రిప్టుతో అక్కడే కట్టుకోవాలి. ఆ మెషీన్‌కి రస్ట్ కోడుని తన భాషలోకి మార్చుకునే కంపైలర్ లేదు, ఇక రాదు కూడా. కొత్త విడుదల ఎక్కకపోతే మెషీన్‌తోపాటు ఆయన్నీ ఇంటికి పంపిస్తామని పైవాళ్లు చెప్పేశారు. ఆయన రిటైరవడానికి ఇంకా రెండున్నరేళ్లుంది.

"నీ డబ్బాకేం కాదన్నయ్యా, నాదీ పూచీ" అంది బిల్డక్క.

స్విచ్ ఆన్ చేసి, ఆఫ్ చేసి నలభైసార్లు చూసింది. అన్నీ పాస్. విడుదల చేశాం. మర్నాడు పొద్దున్నే అన్నయ్య ఫోను.

"ఆగిపోయిందే చెల్లాయ్. రస్ట్ కనబడలేదంటోంది."

"స్విచ్ ఆఫ్ చేశావా?"

"చేశానే తల్లీ! నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?"

కారణం పది నిమిషాల్లో దొరికింది. స్విచ్ వైపు చూడకముందే స్క్రిప్టు రస్ట్ వెర్షన్ ఎంతని అడుగుతోంది. మా అందరి మెషీన్లలో రస్ట్ ఉంది కాబట్టి జవాబు వచ్చేసేది. లేనిచోట ఏమవుతుందో ఒక్కరమూ చూడలేదు. బిల్డక్క నాలుక కరుచుకుంది. ఆ ముఖం చూసి నాకు జాలేసింది.

ఆ ప్రశ్నని స్విచ్ తర్వాతికి జరిపింది. తన మెషీన్లోంచి రస్ట్‌ని మొత్తం పీకేసి, మొదట్నుంచీ కట్టి చూసి, అప్పుడు అన్నయ్యకు పంపింది. మధ్యాహ్నం ఆయన "నడుస్తోందే" అన్నాడు. ఆవిడ "సరే" అని ఫోను పెట్టేసి కళ్లు తుడుచుకుంది.

"అక్కా, రస్ట్‌కి తలుపు తీసిందే నువ్వు. నీ దగ్గరే లేదేంటి?" అని కుర్రాళ్లు ఇప్పటికీ ఆటపట్టిస్తారు.

"మీ దగ్గరుందిగా, చాల్లే" అంటుంది.

అన్నయ్య రిటైరై ఆరునెలలైంది. రేవులో ఆ పాత డబ్బానీ తీసేశారు. బిల్డక్క మాత్రం తన మెషీన్లో రస్ట్ ఇంకా పెట్టుకోలేదు.