పచ్చ బటన్

బరంపురంలో చదువుతుండగా, కోర్సులో భాగంగా ఒక అంధుల సంఘానికి వెబ్‌సైట్ చేశాను. చికిటి నుంచి వచ్చిన చూపులేని సింహాచలం గారు, కూతురికి సంఘం హాస్టల్లో సీటు కోసం, సంఘం ఆఫీసులో నా పక్కనే కూర్చుని తన ఫోన్లో అందులోనే దరఖాస్తు నింపారు. ఆ సాయంత్రం ఐదుకే గడువు. అరగంట తంటాలు పడ్డాక, చివర్లో ఉన్న రెండు బటన్ల దగ్గర, తెర మీదున్నది చదివి వినిపించే ఆయన ఫోన్ "బటన్, బటన్" అని మాత్రమే పలికింది.

"ఏది నొక్కమంటావు పాపా?"

"పచ్చది నొక్కండి" అనేశాను.

నేను నాలుక కరుచుకునేలోపే ఆయన ఏదో నొక్కేశారు. నింపిందంతా చెరిగిపోయింది. ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. నాకు ఏడుపొచ్చేసింది.

"ఏటీ కాదులే. ఆ రెండిటికీ పేర్లెట్టు, మల్లీ నింపుతాను" అన్నారాయన.

నా లాప్‌టాప్‌లో ఆ బటన్లకు 'పంపు', 'చెరుపు' అని పేర్లు రాశాను. ఐదుకి రెండు నిమిషాల ముందు ఫోన్ "పంపు" అంది. ఆయన నొక్కారు.

ఆ రెండు మాటలు రాయడానికి నాకు పట్టింది ఒక్క నిమిషం. ఆ నిమిషం ముందే ఎందుకు దొరకలేదని ఆయన అడగలేదు. అదే ఇప్పటికీ గుచ్చుతోంది.