మా గుమ్మాన్ని ఎంతమంది చూశారో

ఎదురు ఫ్లాట్ వాళ్ల చెప్పుల స్టాండ్ మీంచి రెండు జతల బూట్లు పోయాయి. అంతే, మధురానగర్‌లోని మా అపార్ట్‌మెంటుకి కెమెరాల పిచ్చి పట్టుకుంది. మా ఆయన ఓ ఆదివారం నిచ్చెనెక్కి మా గుమ్మం పైన కూడా ఒకటి బిగించారు. వీడియోలు ఎక్కడ దాచాలో నన్నడగలేదు. "క్లౌడ్‌లో పెట్టాను, ఎక్కడున్నా ఫోన్‌లో చూసుకోవచ్చు" అన్నారు. నా బుద్ధి గడ్డి తిని, మంచిదే కదా అనుకున్నాను.

అప్పటికి నేను అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో చేరి మూడు వారాలైంది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. పెళ్లయ్యాక వదిలేసిన ఉద్యోగంలోకి నలభై రెండేళ్లకి మళ్లీ వెళ్దామని. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల నుంచి వచ్చే పిల్లలు మొదటి రోజు నన్ను టీచరనుకుని లేచి నిలబడ్డారు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. ఉద్యోగం వస్తే చెబుదాం, రాకపోతే నోరు మూసుకుని మానేద్దాం అనుకున్నాను. ఓడిపోతే అది నాకొక్కదానికే తెలియాలి. నేను కోరుకున్నది అంతకుమించి ఏమీ లేదు.

కెమెరా పెట్టిన రెండో వారం విజయవాడ నుంచి మా ఆయన అక్కగారు ఫోన్ చేశారు.

"ఏమ్మా, ఆ ఆకుపచ్చ డ్రెస్సు కొత్తదా? బాగుంది నీకు."

ఆ డ్రెస్సు మొదటిసారి వేసుకున్నది ఆ పొద్దునే. ఫొటో కూడా దిగలేదు.

"మీరెక్కడ చూశారు వదినా?"

"కెమెరాలో చూశాన్లే. రోజూ పదిన్నరకి సంచి తగిలించుకుని బయల్దేరతావు, రెండు దాటితే గానీ రావు. ఎక్కడికేంటి? తమ్ముడికి తెలుసా?"

ఏం చెప్పానో గుర్తులేదు. నేనెప్పుడూ తెరవని వాళ్ల కుటుంబం వాట్సాప్ గ్రూపు తెరిచి వెనక్కి వెతికాను. దొరికింది. కెమెరా బిగించిన సాయంత్రమే మా ఆయన దాని యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అందులో పెట్టేశారు. ఆ గ్రూపులో ముప్పై మందికి పైనే ఉంటారు. ఆధార్ కాపీలు, గ్యాస్ నంబర్లు, సినిమాల యాప్‌ల పాస్‌వర్డ్‌లు అన్నీ అందులోనే ఉంటాయి. ఒకరు మరిచిపోతే ఇంకొకరి దగ్గర దొరుకుతుందని వాళ్లింట్లో అదొక పద్ధతి. మా గుమ్మాన్నీ ఆ లెక్కలోనే వేశారు. అరికాలి మంట నెత్తికెక్కింది. నైటీలో పాల ప్యాకెట్ కోసం వంగినప్పుడు ఎంతమంది చూశారో, ఫోన్‌లో ఏడుస్తూ మా అమ్మతో మాట్లాడుతూ గుమ్మంలో నిలబడినప్పుడు ఎంతమంది విన్నారో!

సాయంత్రం ఆయన లక్డీకాపూల్ ఆఫీసు నుంచి వచ్చేసరికి అక్క ఆయనకీ ఫోన్ చేసేసింది. కోచింగ్ సంగతి చెప్పక తప్పలేదు.

"చెబితే వద్దంటానా? అక్కేదో ప్రేమ కొద్దీ అడిగింది" అన్నారు.

"ముందా పాస్‌వర్డ్ మార్చండి."

"ఇప్పుడు మారిస్తే ఏం బాగుంటుంది? ఏం దాస్తున్నారని అడగరూ?"

తెల్లారేసరికి గ్రూపు నిండా గులాబీ పూల బొమ్మలు, 'ఆల్ ది బెస్ట్ పిన్నీ', 'ఈ వయసులో గ్రేట్ అత్తా'. ఆయనే చెప్పేశారు. నాకు మిగిలిన ఆ కాస్త చాటు కూడా పోయింది. ఇక నేను ఓడిపోతే ముప్పై మంది ఓదారుస్తారు. ఆ పూలు చూస్తుంటే ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది.

ఆ రోజు క్లాసయ్యాక పంజాగుట్టలో కెమెరాలమ్మే షాపుకి వెళ్లాను. క్లౌడ్ లేకుండా వీడియోలు ఇంట్లోనే ఉండే కెమెరా కావాలన్నాను. షాపాయన నడివయసు మనిషి, ఓపికగా చెప్పాడు.

"క్లౌడ్‌ల ఉంటే ఫికర్ ఉండదు మేడం. ఇంట్ల రికార్డింగ్ డబ్బాల పెట్టుకుంటే దొంగ వచ్చి గా డబ్బానే ఎత్తుకపోతడు, వీడియో సుత దాంతోనే పోతది. జర ఆలోచించుండ్రి."

"పోతే పోనివ్వండి. ఫోన్‌లో మాత్రం ఎవరికీ కనపడకూడదు."

"అయితే వైర్ కెమెరా వెయ్యాలె. డబ్బాకు నెట్ ఇయ్యొద్దు. ఇంట్ల టీవీలనే కనబడ్తది."

"అదే వెయ్యండి."

"దొంగలకు భయపడెటోళ్లనే చూసిన గని, గిట్ల అడిగెటోళ్లను చూడలే మేడం" అని నవ్వి, మర్నాడు తనే వచ్చి బిగించి వెళ్లాడు. పాత కెమెరాని నా చేత్తోనే పీకి చెత్తబుట్టలో పడేశాను. టీవీ కింద అరలో కొత్త డబ్బా చిన్న వెలుగుతో గుర్రుమంటూ కూర్చుంది.

సాయంత్రం మా ఆయన గుమ్మంలోంచే మొదలుపెట్టారు.

"మధ్యాహ్నం నుంచి ఫోన్‌లో ఏమీ రావట్లేదేంటి?"

"ఇక రాదు. చూడాలంటే ఇంటికొచ్చి టీవీలో చూసుకోండి."

బూట్లు కూడా విప్పకుండా ఆ డబ్బా ముందు నిలబడ్డారు. దొంగ ఎత్తుకుపోతే ఏం చేస్తావని అడుగుతారనుకుని జవాబు సిద్ధం చేసుకున్నాను. దొంగ మాటే ఎత్తలేదు.

"మరి నువ్వు ఇంట్లో ఉన్నావో లేదో నాకెలా తెలుస్తుంది?" అన్నారు.

"ఫోన్ చేసి నన్నే అడగండి. మీరెక్కడున్నారో పదహారేళ్లుగా నేనలాగే తెలుసుకుంటున్నాను."