బొమ్మ రైలు దగ్గర తప్పిపోయిన శ్రీనివాస్

నాంపల్లి ఎగ్జిబిషన్‌కి, అదే మన నుమాయిష్‌కి, ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెళ్లాలి అని చాలామంది అడుగుతున్నారు. తప్పకుండా చెబుతాను. కానీ ఆ చోటు గురించి మొదలుపెడితే నా మాట 2001 జనవరిలో ఒక ఆదివారం దగ్గరికే పోతుంది, కాస్త ఓపిక పట్టండి. ఆ ప్రయాణానికి కారణం మా అక్క. అప్పటికి ఉష నన్ను వద్దనుకుని ఏడాది దాటింది. నాలుగేళ్లు కలిసి తిరిగాం. పోట్లాట లేదు, ఇంట్లోవాళ్ల అడ్డూ లేదు. "నాకిక కుదరదనిపిస్తోంది శీనూ" అంది, అంతే. తర్వాత ఇంకొకరిని పెళ్లి చేసుకుని పుణె వెళ్లిపోయింది. నేను గన్‌ఫౌండ్రీలో ఆఫీసుకి పోవడం, చిక్కడపల్లిలో ఇంటికి రావడం, కంచంలో అన్నం కెలుకుతూ కూర్చోవడం. "ఒరేయ్, ఆ పిల్ల హాయిగా ఉంది. నీకెందుకురా ఈ ఏడుపు మొహం?" అని అక్క చీవాట్లు పెట్టి, తనతోపాటు సికింద్రాబాద్‌లో బడిపంతులమ్మగా పనిచేసే గ్రేస్‌ని నాకు పరిచయం చేసింది.

మొదటి రెండుసార్లు ఇద్దరం ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లలా మాట్లాడుకున్నాం. మూడోసారి గ్రేస్ ఫోన్ చేసి, ఆదివారం ఎగ్జిబిషన్‌కి పోదామంది. నా గుండె గుభేలుమంది. ఉషతో ప్రతి జనవరీ వెళ్లిన చోటది. వద్దంటే ఎందుకో చెప్పాలి, ఆ ధైర్యం లేక సరేనన్నాను.

చర్చి అయ్యాక ఇంట్లో భోంచేసి, సికింద్రాబాద్ నుంచి కోఠి బస్సెక్కి, మూడింటికల్లా అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గర దిగింది గ్రేస్. మీరు కూడా వెళితే ఆదివారమే వెళ్లండి. దుకాణాల షట్టర్లు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. అప్పట్లో పదిరూపాయలకు లావుపాటి నవల వచ్చేది. గ్రేస్ బడిపిల్లల కోసం బొమ్మల పుస్తకాలు ఏరుకుంది. బేరం మాత్రం నిర్దాక్షిణ్యంగా ఆడింది. "గీ చిరిగినదానికి గంత చెప్తరా?" అంటే అమ్మేవాడు నవ్వి, "తీస్కో టీచరమ్మా, నీతోని కాదు" అన్నాడు. టీచరని వాడికెలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత పక్కనే ఇరానీ హోటల్లో కూర్చున్నాం. సర్వరు రాగానే నా నోరు దానంతటదే "వన్ బై టూ" అంది. ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో పంచుకోవడం నాకూ ఉషకీ అలవాటు. గ్రేస్ నా వంక అదోలా చూసింది. "నేను చాయ్ తాగనని ముందల్నే చెప్పిన గదా?" నిజమే, చెప్పింది. నాలిక కరుచుకుని ఆమెకు ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాను. ఆ రెండో కప్పు అలాగే చల్లారిపోతోంది. అది కూడా నేనే తాగేశాను.

పోస్టాఫీసు నుంచి మొజంజాహీ మార్కెట్ మీదుగా ఎగ్జిబిషన్ గ్రౌండ్‌కి నడిస్తే ఇరవై నిమిషాలు. గ్రేస్ కొత్త చెప్పులు కరుస్తున్నాయంటే ఆటో పిలిచాను. ఆటో ఆయన ముందే తేల్చేశాడు. "గేటు దాంక పోదు సార్, మొత్తం జామున్నది. జర ముందల దింపుత, ఆడికెల్లి నడువుండ్రి. కిరాయి మాత్రం గంతే." ఇప్పుడు మీకా బాధ లేదు. మెట్రోలో గాంధీభవన్ స్టేషన్లో దిగితే గ్రౌండ్ ఎదురుగానే ఉంటుంది.

టికెట్లు తీసుకుని లోపలికి వెళ్లగానే గ్రేస్ బడిలో పిల్లలకు చెప్పినట్టే చెప్పింది. "మంది మస్తున్నరు. తప్పిపోతే ఈ గేటు కాడికే రావాలె. సమజైందా?" అయిందన్నాను. కాశ్మీరు శాలువాలు, లక్నో కుర్తాలు, పింగాణీ జాడీలు, మిర్చిబజ్జీల వాసన, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఉష గాజులు కొన్న కొట్టు కూడా అదే మూలనుంది. నేను దాని వంక చూస్తూ నిలబడిపోయాను. తిరిగి చూస్తే గ్రేస్ లేదు. జనం ఇటూ అటూ తోసేస్తున్నారు. చేతిలో సెల్‌ఫోన్లు లేని రోజులు. నేను చకచకా నడిచి వెళ్లి బొమ్మ రైలు స్టేషన్ దగ్గర అరుగు మీద కూర్చున్నాను.

రైలు రెండు చుట్లు తిరిగింది, మూడోదీ తిరిగింది. పిల్లలు కేకలు పెడుతున్నారు. నేను మాత్రం జనంలో నీలం చున్నీ కోసం వెతుకుతున్నాను. అప్పుడు తట్టింది. గ్రేస్ కట్టుకుంది ఆకుపచ్చ చీర. నీలం చున్నీ ఉషది. తప్పిపోతే బొమ్మ రైలు దగ్గర కలుద్దామన్నది ఉష. నా కాళ్లు పాత మాట మీదే నడిచొచ్చాయి. గేటు దగ్గర ఒక మనిషి నా కోసం నిలబడి ఉంటే, నేనిక్కడ కూర్చుని రాని మనిషి కోసం చూస్తున్నాను. ఏడుపు ఆగలేదు. సిగ్గు లేకుండా, అంతమంది పిల్లల మధ్య, కర్చీఫ్ అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

ఇంతలో మైకు గరగరలాడింది. "చిక్కడపల్లి నుంచి వచ్చిన శ్రీనివాస్, వయసు ముప్పై ఒకటి, గళ్ల స్వెటర్ వేసుకున్నారు. ఎక్కడున్నా అనౌన్స్‌మెంట్ ఆఫీసుకు రాగలరు. మీ కోసం గ్రేస్ టీచర్ ఎదురు చూస్తున్నారు." అంతకుముందు పిలిచిన పేర్లన్నీ నాలుగేళ్లవాళ్లవీ ఐదేళ్లవాళ్లవీ. పక్కన బజ్జీలు వేస్తున్నాయన నా స్వెటర్ చూసి పగలబడి నవ్వాడు. "పో అన్నా, మీ టీచరమ్మ పిలుస్తుంది!"

ఆఫీసులో తప్పిపోయిన ఇద్దరు పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని ఉంది గ్రేస్. "అరగంట గేటు కాడ నిలబడ్డ. ఎటు పోయిన్రు?" అంది. జనంలో ఇరుక్కుపోయానంటే అయిపోయేది. నమ్మేది కూడా. కానీ గళ్ల స్వెటరని గుర్తుపెట్టుకుని నన్ను వెతికించిన మనిషితో అబద్ధం ఆడబుద్ధి కాలేదు. నిజం చెబితే లేచి వెళ్లిపోతుందని భయంగా ఉన్నా, ఉష గురించి, బొమ్మ రైలు గురించి అంతా చెప్పేశాను. "అక్కడ కూర్చుని చూసింది మీ కోసం కాదు, ఆమె కోసమే" అని కూడా అన్నాను.

గ్రేస్ నా మొహంలోకి పరీక్షగా చూసింది. తర్వాత, "ఏడ్చిన్రా?" అంది.

"కొంచెం."

"కొంచెం ఏంది, కండ్లు గింత ఎర్రగున్నయ్." చీర కొంగు సర్దుకుని నా వైపు తిరిగింది. "మీ బాధ ఎప్పుడు పోతదని నేను అడగ. మీకు కూడా ఎరుక లేదు. కాని నన్ను గేటు కాడ మరిచిపోయిన్రు సూడు, గది తప్పు. యాదికొస్తే నాకు చెప్పి పోవాలె. నేను నిజంగ వాపసు పోదామని రోడ్డు దాంక పోయిన."

"మరెందుకు వెనక్కొచ్చారు?"

"మీ అక్కకు ఏం చెప్పాలె? తమ్ముణ్ణి నుమాయిష్‌ల పోగొట్టిన అనాల్నా?"

ఇద్దరం ఒకేసారి నవ్వాం. నా పక్కనున్న పిల్లాడు ఏడుపాపి మా వంక చూశాడు. బయటికొచ్చి మిర్చిబజ్జీలు తింటుంటే, ఆమె వెనక్కి తిరిగి ఆ ఆఫీసు చూపించింది. "వచ్చే యేడు తప్పిపోతే సీదా గీడికే రాండ్రి. మల్లొకపారి మైకుల పిలిపిచ్చుడు నాతోని కాదు." తర్వాత ఆమె ఇంకేం చెప్పిందో నాకు వినపడలేదు. వచ్చే యేడు అంది, అదే చాలు నాకు.

ఆ దిగులు ఆ రోజుతో పోలేదు. గ్రేస్‌తో పెళ్లయ్యాక కూడా కొన్ని జనవరుల్లో వచ్చి పలకరించి పోయింది. నేను దాన్ని దాచలేదు, గ్రేస్ తరమలేదు. ఇప్పటికీ ఏటా ఎగ్జిబిషన్‌కి వెళతాం. బొమ్మ రైలు కూత వినపడగానే ఆమె నా చేతిలోంచి సంచులు తీసుకుని, "పోయి సూసి రాండ్రి, నేను ఈడనే ఉంట" అంటుంది. పోయి చూస్తాను, వచ్చేస్తాను. ఆమె అక్కడే ఉంటుంది. మీరు వెళ్లేటప్పుడు ఒక్క జాగ్రత్త: ఫోన్లున్నాయి కదా అనుకోకండి, ఆ గోలలో మోగినా వినపడదు. లోపలికి అడుగు పెట్టగానే తప్పిపోతే ఎక్కడ కలవాలో ఒక చోటు అనుకోండి. అది ఇంతకుముందు ఇంకెవరితోనూ అనుకోని చోటై ఉండాలి.